జాజు పెట్టిన ఫైళ్ళు

కోసిగి బస్టాండు ఎదురుగా యశోదకు చిన్న జిరాక్సు, డీటీపీ అంగడి ఉంది. అందులో ఒక మూల స్టూలు మీద ఆమె తండ్రి కంబన్న కూర్చుని ఉంటాడు. నలభై ఏళ్ళు గొర్రెల వెనక తిరిగిన మనిషి. మోకాళ్ళు మొరాయించాక మందను తమ్ముడికి అప్పగించాడు గానీ, నోటిని మాత్రం ఎవరికీ అప్పగించలేదు.

రెండేళ్ళుగా ఆ నోట వచ్చిందల్లా యశోద టైపు చేస్తూ వచ్చింది. తోడేలును దుప్పటితో బెదిరించిన కథ, వరదలో తుంగభద్ర దాటిన కథ, పెళ్ళిచూపులకు గొర్రెపిల్లను చంకనేసుకుని పోయిన కథ. కథకొక ఫైలు, మొత్తం యాభై ఒకటి. కర్నూలు కాలేజీలో తెలుగు చెప్పే రాజశేఖర్ సారు వాటిని పుస్తకంగా వేస్తానన్నాడు. "చెప్పిందే చెప్పినవి తీసేసి, మిగిలినవి ఈ రోజే పంపమ్మా" అని పొద్దున ఫోన్ చేశాడు.

ఆ ఫైళ్ళకు వేరే కాపీ లేదు. పెన్‌డ్రైవులో వేసుకుంటాను, రేపు వేసుకుంటాను అంటూనే యశోద రెండేళ్ళూ గడిపేసింది. ఊరందరి కాగితాలకూ కాపీలు తీసి బతికే మనిషి తన ఫైళ్ళకు ఒక కాపీ తీసుకోలేదంటే ఏమనాలి!

ఏవి తీసేయాలో తేల్చవలసింది కంబన్నే. ఆయన తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, ఇంగ్లీషు అక్షరం ఒక్కటీ రాదు. యశోద టైపు చేసే ఎడిటర్‌లో ఫైళ్ళ పేర్లన్నీ తెలుగులో వరసగా కనిపిస్తాయి. ఒక మీట నొక్కితే పేరు ముందు ఇంగ్లీషు 'డి' పడి, ఆ వరస ఎర్రబడుతుంది. ఎర్రబడినవి చెరిపేయవలసినవని లెక్క.

"ఈ మీట నొక్కితే గుర్తు పడతాది నాయనా. ఒక్కొక్క పేరే చదువుకుంటా నువ్వే గుర్తులు పెట్టు" అని చెప్పి, ఆధార్ జిరాక్సులకు వచ్చినవాళ్ళ వైపు తిరిగింది. వేటికి పెట్టాలో చెప్పాలని ఆమెకు తోచలేదు. అడగాలని ఆయనకూ తోచలేదు.

గంటకు "అయిపాయ పాపా" అని కేక వేశాడు కంబన్న. మహా ఉత్సాహంగా ఉన్నాడు. అంగట్లో జనం బస్సు టైమైందని తొందరపెడుతున్నారు. యశోద వచ్చి, కూర్చోకుండానే చెరిపే మీట నొక్కింది. ఇవన్నీ చెరిపేయమంటావా, అవునంటే 'యెస్' అని కొట్టు అంది కంప్యూటరు. మూడక్షరాల్లో రెండు కొట్టేసింది కూడా.

"నలభై మూడంటే శానా ఎక్కువైనాయేమో పాపా? ఆ సారు అన్నీ మేపగలడా?"

యశోద చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తెర మీద చూసింది. నిజంగానే నలభై మూడు.

"నాయనా, ఈ ఎర్రగుండేవి ఉంచేటివా, తీసేటివా?"

"అదేం మాటమ్మే! జాజు పెట్టినాక ఎవరైనా అమ్ముతారా?"

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. వాళ్ళ మందలో ఇంట ఉండిపోవలసిన గొర్రెకు వీపు మీద జాజు పూస్తారు. ఆ ఎర్రమన్ను కనిపిస్తే బేరగాడు చెయ్యి కూడా వెయ్యడు. తాను కొన్నవాటికి నీలిరంగు పెట్టుకుని తోలుకుపోతాడు. చిన్నప్పుడు జాజు గిన్నె పట్టుకుని తండ్రి వెంట తిరిగింది యశోదే మరి.

యశోదకు నవ్వు తన్నుకొచ్చింది. ముందు ఆ రెండక్షరాలూ చెరిపి, పెన్‌డ్రైవు తెచ్చి అన్నీ కాపీ చేసుకుంది. రెండేళ్ళ పని రెండు నిమిషాలైనా పట్టలేదు.

ఎరుపంటే చెరిపేయడమని తండ్రికి చెప్తే సరిపోయేదే. కానీ నలభై ఏళ్ళు ఎరుపు చూసి కాపాడుకున్న కళ్ళవి. వాటిని మార్చుకొమ్మనడానికి ఆమెకు మనసొప్పలేదు. కంప్యూటరే మారాలి అనుకుంది. బస్సు జనాన్ని పంపించి, ఎడిటర్ సెట్టింగులు తెరిచింది. ఉంచుకునేవాటికి గుండ్రటి చుక్క, ఎరుపు రంగు. తీసేవాటికి 'డి' బదులు అడ్డగీత, నీలం రంగు. ఏ ఎరుపో తేల్చడానికి ఒక్కొక్కటే తండ్రికి చూపించింది.

"ఇది కుంకుమ" అన్నాడు కంబన్న మొదటి ఎరుపు చూసి. రెండోది టమోటా అన్నాడు. మూడోసారి ముందుకు వంగి, తెరను వేలితో తడిమి, ఆ వేలు చూసుకున్నాడు.

"అంటలేదు గానీ, ఇది జాజే!"

నలభై మూడింటికీ మళ్ళీ చుక్కలు పెట్టాడు, ఎనిమిదింటికి నీలం పెట్టాడు. ఆ ఎనిమిదీ యశోద చదివింది. ఏడు చెప్పిందే చెప్పినవి. ఎనిమిదోది 'పాప చదువు'. ఆమెను డీటీపీ నేర్చుకోవడానికి కర్నూలు పంపిన సంవత్సరం, జాజు పెట్టిన గొర్రెల్ని కూడా బేరగాడికి ఇచ్చేసిన కథ అది. ఒక్కసారే చెప్పాడు, అదీ నాలుగు ముక్కల్లో.

"ఇదెందుకు తీస్తాండావు నాయనా?"

"అది మంద కథ కాదు కదమ్మే. దాన్ని ఎవరు చదువుతారు?"

యశోద ఆ వరస మీదికి పోయి నీలం తీసేసి, జాజు చుక్క పెట్టింది.

"ఇది అమ్మేది కాదు" అంది.

కంబన్న ఆ చుక్క చూసి పగలబడి నవ్వుతూ తలపాగా విప్పి కళ్ళు తుడుచుకున్నాడు.

"మందలో నీ పెత్తనం ఎప్పటినుంచమ్మే?"

"జాజు గిన్నె నా చేతికిచ్చినప్పటినుంచి."

ఏడు ఫైళ్ళు పోయాయి. నలభై నాలుగు కర్నూలుకు బయలుదేరాయి.