మెడ విరవనన్న మనిషి

మొన్న శుక్రవారం పొద్దున కోడలు ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేసింది. డ్యూటీలో ఉండగా ఆమె ఎప్పుడూ ఫోన్ చేయదు. "మామా, కటింగ్ షాపు కాక చచ్చిపోయిండంట. చిన్నమ్మ ఇప్పుడే చెప్పింది," అని ఏడ్చింది. చిన్నమ్మ అంటే ఆయన భార్య. ఆమె నాకంటే ముందు నా కోడలికి చెప్పింది. ఎందుకో నాకు తెలుసు.

నిద్రలోనే ప్రాణం పోయిందట. ఎవరికీ పని పెట్టలేదు.

శంషాబాద్ పాత రోడ్డు మీద నలభై ఏళ్ళు కటింగ్ షాపు నడిపిన మనిషి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు షాపు సగం పోయింది. మిగిలిన సగంలో ఒకటే కుర్చీ పట్టింది. ఒక్క కుర్చీ సరిపోతుందా అని అడిగితే, "ఊరంతా ఒక్కపారే గడ్డం పెంచది గదనే," అని నవ్వేవాడు. గడ్డం గీశాక తలకు నూనె అంటి, దవడ కింద ఒక చెయ్యి, నెత్తి మీద ఒక చెయ్యి పెట్టి, టక్కున ఇటు, టక్కున అటు తిప్పేవాడు. మెడ విరవడం అంటాం. ఆ చప్పుడు వింటేనే సగం నొప్పి పోయేది. మెడ పట్టినవాళ్ళు జల్‌పల్లి నుంచి, కొత్తూరు నుంచి ఆటో కట్టించుకుని వచ్చేవాళ్ళు.

నేను ఎవరికీ తప్పయిందని చెప్పే మనిషిని కాను. ఆయనకు ఒక్క మాట చెప్పాల్సి ఉండింది, చెప్పలేదు. మూడో తరగతి దాటని చేత్తో ఇది రాయడం అందుకే.

నా కొడుకు కొత్తూరులో కంపెనీకి పోతాడు. కోడలు ఎయిర్‌పోర్టులో నడవలేని ప్రయాణికులను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తోసుకుపోయే పని చేస్తుంది. నేను చెప్పే సంగతి జరిగేనాటికి వాళ్ళ పెళ్ళయి నాలుగేళ్ళు, పిల్లలు లేరు. నా భార్య ఎప్పుడో పోయింది. ఇంట్లో ఆడపెద్ద లేదు. ఒకరోజు పొద్దున కోడలు వాంతి చేసుకోవడం విన్నాను. వారానికి మళ్ళీ విన్నాను. ఎవరినీ అడగలేదు. అడగడం నాకు అలవాటు లేదు. కిలో లడ్డూలు తీసుకుని నేరుగా కటింగ్ షాపుకు పోయాను.

"ఏందన్నా, ఎవల పెండ్లి?" అన్నాడు ఆయన.

"పెండ్లి కాదు తమ్మీ. తాతనైతున్న."

"డాక్టరు చెప్పిండా?"

"నా చెవులు చెప్పినయ్."

షాపులో ఉన్నవాళ్ళంతా తిన్నారు. ఆయన ఒక్కడే తినలేదు. లడ్డూను కాగితంలో చుట్టి అద్దం ముందు పెట్టాడు. "ఖాయమైనంక తింటనే," అన్నాడు.

సాయంత్రానికి వాడకట్టు ఆడవాళ్ళంతా మా ఇంటికి వచ్చారు. కోడలు వాళ్ళందరినీ చూసి, నన్ను చూసింది. "నాకు తలనొప్పి మామా. తలనొప్పికే వాంతులైతున్నయి. గంతే," అని లోపలికి పోయి తలుపేసుకుంది. వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ పోయారు.

నాకు సిగ్గేసింది. సిగ్గును నేను మోయలేను, కోపం చేసుకుంటాను. "తలనొప్పికి ఎవలన్న కక్కుతరా? డ్యూటీ ఎగ్గొట్టే నకరాలు," అని కొడుకు ముందు గట్టిగా అన్నాను. ఆమెకు వినబడాలనే అన్నాను.

నకరాలు కావు. ముందురోజే మెడ వెనక గుంజడం మొదలయ్యేది. తెల్లారేసరికి ఆ నొప్పి ఒక పక్క కణతకు ఎక్కేది. వెలుగు పడేది కాదు, పోపు వాసన పడేది కాదు. విమానం మీది నుంచి పోతే రెండు చేతులతో తల పట్టుకునేది. కక్కి కక్కి ఒక రోజంతా పడుకునేది. మెడలో మొదలవుతుంది కాబట్టి ఇది మెడ జబ్బని నేను తేల్చేశాను. ముందు ఆమె దిండు తీసేశాను. తరువాత దుప్పటి మడిచి పెట్టమన్నాను. అదీ పనిచేయక, మెడికల్ షాపులో నొప్పి గోలీలు తెచ్చి, "నొప్పి రాకముందే రోజొకటి ఏసుకో," అన్నాను. ఇంట్లో గోలీలు అయిపోకుండా చూసుకున్నానని గొప్పగా కూడా చెప్పుకున్నాను. నొప్పి ఇంకా ఎక్కువైంది. ఇంకొక్క సెలవు పెడితే పనిలోకి రావద్దని ఆమె సూపర్‌వైజర్ చెప్పాడు.

"పోతే పోయింది, ఇడిసెయ్," అన్నాను.

"ఇడువ మామా. గీ ఇంట్ల నాదంటూ ఉన్నది గదొక్కటే."

ఆ మాట నన్ను పొడిచింది. అందుకే ఒక మధ్యాహ్నం, షాపు ఖాళీగా ఉండే వేళ, ఆమెను ఆయన దగ్గరకు తీసుకుపోయాను. "ఇరువు తమ్మీ. ఒక్కదెబ్బకు పోవాలె," అన్నాను.

కోడలు కుర్చీలో కూర్చుని అద్దంలో ట్యూబులైటు చూడగానే కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. ఆయన ఆమె మెడ ముట్టుకోలేదు. లైటు ఆర్పాడు. రేడియో ఆపాడు. కటింగప్పుడు మన మీద కప్పే నల్లగుడ్డ తీసుకుని గాజు తలుపుకు అడ్డంగా కట్టాడు. కుర్చీ పక్కన నేల మీద కూర్చుని మెల్లగా అడిగాడు. "వెలుగు పడ్తలేదా బిడ్డా? వాంతికొస్తున్నదా? ముందుగాల మెడ గుంజుతదా?" ఆమె అన్నిటికీ తల ఊపింది.

"నేను ఇరువనన్నా," అన్నాడు.

"ఏందిర ఇరువవు? ఊరందరికీ ఇరుస్తవు."

"నా చేతుల ఉన్నది మెడ వరకే. ఇది తలది. మా ఇంటామెకు పదేండ్లు ఇరిచిన. పొద్దుగాల ఇరిస్తె మాపటికి మల్ల పండేది. నకరాలని తిట్టిన. దవాఖానకు పోయినంక తెలిసింది. తప్పు నా చేతులది కాదే, చెవులది. ఆమె చెప్తుంటె ఇనలె."

చెవుల మాట నన్నే అన్నాడనుకున్నాను. "కత్తి పట్టెటోనివి, డాక్టర్ వేషాలెయ్యకు," అన్నాను. కోడలు ముందే అన్నాను. ఆయన తలుపుకు కట్టిన గుడ్డ విప్పి, మడిచి ఆమె చేతిలో పెట్టాడు. "కిటికీకి కట్టుకో బిడ్డా," అన్నాడు.

ఆ తరువాత నాలుగైదు నెలలు బస్సెక్కి తుక్కుగూడ పోయి గడ్డం గీయించుకున్నాను.

మర్నాడే ఆయన భార్య మా గుమ్మం ముందు నిలబడింది. "బిడ్డను దవాఖానకు తోల్కపోతున్న. నువ్వు గూడ నడువు బావా," అంది. నడిచాను.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, కోస్తా మాట. కోడలి కళ్ళు చూసింది, చేతుల బలం చూసింది. నొప్పి పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా వచ్చిందా, జ్వరం ఉందా, చెయ్యి గానీ మాట గానీ పడిపోయిందా అని అడిగింది. అలాంటివి ఉంటే ఒక్క నిమిషం ఆగకుండా రావాలంది. అవేవీ లేవు. "దీన్ని మైగ్రేన్ అంటారండీ. మెడ వల్ల తల నొప్పి రావడం కాదు, ఈ జబ్బులోనే మెడ కూడా నొస్తుంది. వాంతులూ ఇందులోవే," అని నాకే చెప్పింది. పిల్లల కోసం చూస్తున్నారా, అది చూసుకుని మందు రాయాలని కోడలిని అడిగింది. నేను నేల చూశాను.

"నెలలో ఎన్ని రోజులు నొప్పి గోలీలు వేసుకుంటున్నారమ్మా?"

"ఇంచుమించు రోజు."

"అన్ని రోజులు వేసుకుంటే ఆ గోలీలే తలనొప్పి తెస్తాయి. ఎవరిచ్చారు మీకు?"

కోడలు నా పేరు చెప్పలేదు. గోడ చూస్తూ కూర్చుంది. "నేనే," అన్నాను.

నొప్పి మొదలవగానే ఒక గోలీ, వాంతికి ఒకటి, అవి వారంలో రెండు రోజులు దాటకూడదు. నొప్పి మాటిమాటికీ రాకుండా రోజూ వేసుకునేది వేరే రాసింది. పూట తప్పకుండా తినాలి, ఒకే వేళకు పడుకోవాలి, నొప్పి వచ్చిన రోజు క్యాలెండరు మీద గుర్తు పెట్టాలి. ఆ గుర్తు పెట్టే పని నేను తీసుకున్నాను. నొప్పికి సున్న, వాంతికి ఇంటూ. అక్షరాలు సరిగ్గా రాకపోయినా అవి వస్తాయి. పాత గోలీలు ఆపిన మొదటి నెల సున్నలే సున్నలు. ఆమె పళ్ళు బిగించి ఓర్చుకుంది. మూడో నెలకు ఐదు, తరువాత రెండు. జబ్బు పోలేదు, పోతుందని డాక్టరమ్మ చెప్పనూ లేదు. పని మాత్రం నిలబడింది.

అప్పుడు షాపుకు పోయాను. ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నా గడ్డం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తుక్కుగూడల మంచిగ గీకిండ్రానే?"

"చెవుల కింద ఇడిసిపెట్టిండ్రు."

"చెవుల కాడ్నే నీకు కష్టం," అని నవ్వాడు.

సబ్బు నురగ కింద నా నోట్లో మాట ఉంది. గడ్డం గీసినంతసేపూ ఉంది. ఆయన కత్తి తుడిచి, "ఇరువన్నా?" అన్నాడు. "ఇరువు," అన్నాను. మెడ టక్కుమంది. లేచి వచ్చేశాను. తరువాత ఎన్నిసార్లు ఆ కుర్చీలో కూర్చున్నానో, ఏ ఒక్కసారీ చెప్పలేదు. ఆయన ఎదురుచూసినట్టు కూడా కనబడలేదు. ఇంకా పిల్లలు లేరు. నేను అడగను. ఆయన ఎన్నడూ ఆ లడ్డూ మాట ఎత్తలేదు.

శుక్రవారం మట్టి చేసి వచ్చాం. కోడలు పొద్దటి నుంచి ఏమీ తినలేదు, ఏడ్చింది, ఎండలో నిలబడింది. ఇంటికి రాగానే చెయ్యి మెడ వెనక్కి పోయింది. అడగకుండానే గోలీ, నీళ్ళు తెచ్చిచ్చాను. ఆమె పడుకుంది. క్యాలెండరు మీద సున్న పెట్టి, నల్లగుడ్డ కిటికీకి కట్టాను. ఎన్నిసార్లు ఉతికినా దాని అంచు కుట్టులో పొట్టి వెంట్రుకలు ఇరుక్కుని ఉంటాయి. నల్లవి, తెల్లవి. తెల్లవాటిలో నావీ ఉండవచ్చు. మీది నుంచి విమానం దిగుతూ పోయింది. కిటికీ అద్దం గజగజలాడింది. గుడ్డ కదలకుండా రెండు చేతులతో పట్టుకుని, చప్పుడు పోయేదాకా అక్కడే నిలబడ్డాను.