తొమ్మిదిన్నర మూరల చీర

ధర్మవరంలో పట్టు నేసే ఇంట్లో ఆడమనిషి ఒంటి మీద ఉండేది నూలుచీరే. ఎవరిని అడిగినా అంతేలెమ్మంటారు. హిందూపురం నుంచి కోడలిగా వచ్చిన కస్తూరి పన్నెండేళ్ళుగా భర్త పాండురంగకు నేతకు పట్టుదారం కండెలు చుట్టి అందిస్తోంది గానీ, ఆ మగ్గం మీది పట్టుచీర ఒక్కటీ కట్టిన పాపాన పోలేదు. దానికి ఆమె ఏడ్చిందీ లేదు.

పాండురంగకు సైకిలు పిచ్చి. అట్లాంటిట్లాంటి పిచ్చి కాదు. 2004లో ఎవరో బెంగుళూరు ఆసామి వాడి వదిలేసిన లావుటైర్ల గేరు సైకిలు తెచ్చుకున్నాడు. పొద్దంతా గుంతమగ్గంలో కర్రలు తొక్కి రాటుదేలిన కాళ్ళు, గుట్టదారిలో ఆగుతాయా? నల్లమాడ గుట్టల్లో సైకిలు పందెమని ఒకరోజు, బత్తలపల్లి దారిలో పందెమని ఇంకోరోజు. మగ్గం ఆగిపోయేది. కూతురు ప్రీతి నాయన కోసం వాకిట్లో కూర్చునేది. చివరికి కస్తూరే ఒక కట్టుబాటు పెట్టింది. పడుగు అయిపోయిన రోజు పందేనికి పో, మిగతా రోజులు ఇంటిపట్టున ఉండు అంది.

పడుగంటే కొన్ని చీరలకు సరిపడా మగ్గానికి ఎక్కించిన నిలువు పోగులు. అది అయిపోతే దాని కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే అతకాలి. ఆ ఇంట్లో అది ఆడవాళ్ళ పని, మగవాడికి ఆ రోజు మగ్గంతో పనుండదు. వేల పోగులు కస్తూరి, అత్త నాగక్క కూర్చుని అతుకుతుంటే ఆయన కొండలెక్కి వచ్చేవాడు. ఐదేళ్ళు ఆ మాట మీదే సంసారం సాగింది. సంసారి మనిషికి ఈ పందేలేమిటని ఊళ్ళో నవ్వితే కస్తూరే ఎదురు తిరిగేది.

2009లో కస్తూరి చెల్లెలు శ్రీదేవికి హిందూపురంలో పెళ్ళి కుదిరింది. ఈ పడుగులో చివరి చీర నీకేనని పాండురంగ తనంతట తనే అన్నాడు. కొంగు రంగు కూడా ఆమెనే చెప్పమన్నాడు. చిలకపచ్చ చీరకు కుంకుమరంగు కొంగు కావాలంది కస్తూరి.

ఇంతలో పెనుకొండ కొండ మీదికి సైకిలు పందెం అని కబురొచ్చింది. పందెమేమో ఆదివారం. పడుగు మంగళవారానికి గానీ అయిపోదు. మాట మాటే కదా, ఈసారి పోడులే అనుకుంది కస్తూరి.

శుక్రవారం పాండురంగ కుంకుమరంగు కండెలు అడిగాడు.

"అప్పుడే కొంగుకొచ్చిందా? ఇంకా రెండు మూడు మూరలు ఉండాల కదా," అంది.

ఆయన తలెత్తలేదు. "పెండ్లి ధ్యాసలో లెక్క మర్సిపోతాండావు," అన్నాడు.

అవునేమో అనుకుంది పిచ్చిది. తన మతిమరుపుకు తనే నవ్వుకుని కండెలు అందించింది.

శనివారం చీర కోసి, మడిచి పెట్టెలో పెట్టాడు. ఆదివారం తెల్లవారకముందే సైకిలెక్కాడు. అత్తాకోడళ్ళు పొద్దుగూకేదాకా పోగులు అతికారు. ఆ చీర కట్టుకుని పెళ్ళిలో నిలబడితే వదినలు ఏమంటారో కస్తూరి చెబుతూనే ఉంది. మెడ పట్టేసినా ఆమెకు తెలియలేదు.

పని కాగానే చేతులు కడుక్కుని చీర తీసింది. కట్టుకోబోతే కుచ్చిళ్ళకు చాల్లేదు. మోచేత్తో కొలిచింది. పన్నెండు మూరలు ఉండాల్సింది తొమ్మిదిన్నరే వచ్చింది. మళ్ళీ కొలిచినా అంతే. తొందరలో ముందే కోసేశాడేమో అని సర్దుకోబోయింది. కానీ కొంగు నిండుగా ఉంది. కొంగు మొదలుపెట్టింది శుక్రవారం. అంటే పందెం నాటికి పడుగు ముగించేందుకు, చీర పొట్టి చేయాలని అప్పటికే తేల్చుకున్నాడన్నమాట. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయంటే ఇదే.

దీపాలవేళకు పాండురంగ వచ్చాడు. మూడో వాడిగా వచ్చాడట, చేతిలో కప్పు. ప్రీతి ఎగిరి అందుకుంది. మంచం మీద పరిచిన చీర ఆయన కంటబడింది. ఏమీ తోచక, సైకిలు గొలుసు తుడిచే పీలిక కోసం సంచిలో చెయ్యి పెట్టాడు. చేతికొచ్చింది నేయకుండా కోసేసిన పడుగు ముక్క, చిలకపచ్చ పట్టుపోగులు.

"రెండున్నర మూరలే కదా. మళ్ళా పడుగులో నిండు చీర నేస్తాలే," అన్నాడు.

"చీర పోతే పోనీ," అంది కస్తూరి. "పందేనికి పోవాలని అడిగింటే నేనే పొమ్మనుందును. నా లెక్కే తప్పని నన్నే నమ్మిస్తివి కదయ్యా. ఐదేండ్లు నీ కోసరం ఊరందరి మీదా తిరగబడితినే."

చెల్లెలి పెళ్ళికి నూలుచీరతోనే పోయి వచ్చింది.

మరుసటి సోమవారం పాండురంగ మగ్గంలో కూర్చుని, అలవాటుగా కండె కోసం చెయ్యి చాచాడు. కస్తూరి లేచి వచ్చింది. నేసిన గుడ్డ మీద మోచెయ్యి ఆనించి, ఒకటి, రెండు అని పైకే లెక్కపెట్టి, అప్పుడు కండె ఇచ్చింది. ఆయన తల వంచుకుని అందుకున్నాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో కొలవకుండా ఆమె ఒక్క కండె కూడా ఇవ్వలేదు.