సిలిండర్ మీద ఒకే ఒక్క దెబ్బ

దెయ్యాలు, ఆత్మలు అంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. కెమిస్ట్రీలో డిగ్రీ చేశాను. ఎవరు ఏ కథ చెప్పినా అందులో తప్పు వెతికేదాన్ని. ఇప్పటికీ నమ్మను. పాపను నిద్రపుచ్చి, వంటింట్లో రెగ్యులేటర్ కట్టేశానో లేదో రెండోసారి చూసొచ్చి ఇది రాస్తున్నాను. జరిగింది జరిగినట్టే రాస్తాను.

నాన్న రేపల్లెలో గ్యాస్ స్టవ్‌లు బాగుచేసేవారు. ఎవరింటికి వెళ్ళినా ముందు నేలదాకా వంగి వాసన చూసేవారు. "గ్యాస్ బరువమ్మా, నేలమీదే పాకుతుంది" అనేవారు. తర్వాత పాత షేవింగ్ బ్రష్‌తో జాయింట్లన్నిటికీ సబ్బునీళ్ళు రాసేవారు.

ఆయనకి ఒక అలవాటుండేది. పని మొదలుపెట్టే ముందు తన ఇత్తడి స్పానరుతో సిలిండర్ మీద ఒక దెబ్బ కొట్టేవారు. ఎక్కడా ఒక్క బుడగ కూడా లేదని తేలాక రెండో దెబ్బ. ఆ రెండోది వినిపించేదాకా ఇంట్లో ఎవరూ అగ్గిపుల్ల గీయకూడదు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. మా పాపను చూడలేదు.

మేముండేది తెనాలిలో. కిందటేడు మావారు బాపట్లలో ఒక పాత వ్యాను కొన్నారు. లోపల పడుకోవడానికి బల్లలు, చిన్న స్టవ్, బయటి నుంచి తెరిచే సిలిండర్ పెట్టె ఉన్నాయి. సెలవులకి సూర్యలంక తీరానికి వెళ్ళి, అందులోనే వండుకుని ఉండాలని ఆయన సరదా.

మొదటి ప్రయాణానికి ముందురోజు మెకానిక్ చూసి అంతా బాగుందన్నాడు. తర్వాత మావారు నిండు సిలిండర్ తెచ్చి తనే బిగించారు. దుమ్ము రాకుండా పెట్టె అడుగునున్న కన్నంలో పాత తువ్వాలు కుక్కారు. ఆ రెండు సంగతులూ నాకు చెప్పలేదు.

ఉదయం పాప అప్పుడే వ్యానెక్కి కిటికీ పక్కన కూర్చుంది. అత్తయ్య గుమ్మడికాయ మీద కర్పూరం పెట్టి అగ్గిపెట్టె తీశారు. మొదట సిలిండర్ పెట్టె దగ్గరే దిష్టి తీస్తానన్నారు.

అప్పుడు వినిపించింది. పెట్టెలోంచి, ఇనుము మీద ఇత్తడి తగిలిన చప్పుడు. ఒక్కసారే. చిన్నప్పటి అలవాటు కొద్దీ రెండోదాని కోసం ఆగాను. రాలేదు.

పెట్టెకి తాళం వేసి ఉంది. తాళంచెవి నా గుత్తిలోనే ఉంది. ఇంజను స్టార్ట్ చెయ్యలేదు. గుర్తుగా దాచుకున్న నాన్న స్పానరు నా బ్యాగులో గుడ్డలో చుట్టి ఉంది.

"అత్తయ్యా, గీయకండి!" అని అరిచాను.

"ఏంటమ్మా, శుభమా అని బయల్దేరుతుంటే ఆ అరుపేంటి?" అన్నారావిడ.

మావారు నవ్వారు. "నీ భయంతో సూర్యలంక కాదు, సందు చివరికి కూడా చేరం. నిన్ననే చూశాడుగా మెకానిక్."

అత్తయ్య చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుని, పాపను దింపి ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, పెట్టె తెరిచాను. వాసన గుప్పుమంది. సిలిండర్ కట్టేసి, తువ్వాలు పీకి, వ్యాను తలుపులన్నీ తీశాను. ఒక్క స్విచ్ కూడా ముట్టుకోవద్దన్నాను. వాసన పూర్తిగా పోయాక, సిలిండర్ వాల్వు కొద్దిగా తెరిచి జాయింట్లకి సబ్బునీళ్ళు రాశాను. రెగ్యులేటర్ దగ్గర పైపు మొదట్లో బుడగలు గుత్తిలా ఉబ్బాయి. పాత పైపు బీటలిచ్చి ఉంది, బిగించేటప్పుడు మెలిపడి చీలింది. కారిన గ్యాస్ బయటికి పోవాల్సిన కన్నాన్నే మేం మూసేశాం.

మావారి మొహంలో నెత్తురు చుక్క లేదు. వెంటనే వెళ్ళి కొత్త పైపు, క్లిప్పులు తెచ్చారు. నేనే బిగించాను. మళ్ళీ సబ్బునీళ్ళు రాశాను. ఒక్క బుడగ లేదు.

ఈలోగా ఇరుగుపొరుగు చేరారు. "ఎవరండీ చూసింది?" అని ఎవరో అడిగారు.

"మా కోడలండి. రేపల్లె గ్యాస్ మెకానిక్ గారి అమ్మాయి" అన్నారు అత్తయ్య.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను డిగ్రీ చదివిన పిల్లగానే అందరికీ పరిచయం చేసేవారు. నాన్న పని మాట ఎప్పుడూ ఎత్తేవారు కాదు. ఆ రోజు అంత బిగ్గరగా అనేసరికి, సబ్బు చేతులతోనే తుడుచుకుని కళ్ళు మండించుకున్నాను. అంత గర్వం నాకు డిగ్రీ పట్టా అందుకున్నప్పుడు కూడా కలగలేదు.

ఆ చప్పుడు ఇంకెవరైనా విన్నారా అని అడిగాను. లేదన్నారు. ఎండకి రేకు సాగి టక్కుమని ఉంటుందని సర్దిచెప్పుకోబోయాను. కానీ ఎండ అప్పటికింకా మా సందులోకే రాలేదు.

అగ్గిపెట్టె అత్తయ్య చేతికి ఇచ్చే ముందు, నాన్న స్పానరు తీసి సిలిండర్ మీద ఒక దెబ్బ కొట్టాను. అది రెండోది. మొదటిది ఎవరు కొట్టారో నాకు ఈ రోజుకీ తెలియదు.