ఐదేళ్ళంటే గడువు కాదు

పోయిన నెలలో మా అత్త చనిపోయింది. పొద్దున్నే చేపలమ్ముకుని వచ్చి, బుట్ట దించి, "ఊపిరాడటంలా మే" అంటూ గోడకు ఆనుకుని కూర్చుంది. ఆటో వచ్చేలోపే అయిపోయింది. గుండె ఆగిందని విడవలూరులో డాక్టరు చెప్పాడు.

మా పాలెంలో మాత్రం ఇంకో మాట నడుస్తోంది. ఎప్పుడో కాలికి వచ్చిన కేన్సరే ఆమెను తీసుకుపోయిందంటున్నారు. అది అబద్ధం. ఆ అబద్ధం ఆమె పేరుకు అంటుకుని ఉండిపోకూడదని ఇది రాస్తున్నాను.

నేను పెళ్ళయి ఆ ఇంటికి వచ్చిన కొత్తలో ఎవరైనా పలకరిస్తే తలుపు వెనక్కి పోయేదాన్ని. చదివింది ఏడో తరగతి. నలుగురిలో మాట్లాడితే నా మాట పక్కనున్న మనిషికే వినిపించేది కాదు. మా అత్త గొంతేమో ఒడ్డున అరిస్తే నీళ్ళలో ఉన్న పడవకు వినిపించేది. "నీ గొంతు ఎట్టుంటదో నీ మొగుడికన్నా తెలుసునా మే?" అని అందరి ముందూ నవ్వేది. అంతలోనే పళ్ళెంలో పెద్ద చేపముక్క వేసేది. ఏ కష్టం వచ్చినా ఆమెది ఒకటే మాట: "ముందు కూడు తిను. భయపడేది తరవాత చూసుకుందాం."

మేము చేపలు ఎండబెట్టే దిబ్బ మీదికి చెప్పులతో ఎవరూ వెళ్ళరు. తినే సరుకు కదా. ఉత్త కాళ్ళతో కాలే ఇసుకలో తిరుగుతూ చేపలు తిరగేస్తాం. పక్కనే పడవలకు తారు పూస్తారు కాబట్టి అందరి పాదాలకూ ఆ మరకలు మామూలే. మా అత్త మడమ మీద చింతగింజంత నల్లమచ్చ వచ్చినప్పుడు ఆమె కూడా తారే అనుకుంది. కిరోసిన్ గుడ్డతో రుద్దేది. పోకపోతే "ఈసారి తారు మంచిది తెచ్చినట్టున్నారే" అనేది.

ఒకరోజు ఇంకో కాలికి జెల్లచేప ముల్లు దిగింది. అది తీయించడానికి నెల్లూరు తీసుకెళ్ళాం. ముల్లు తీసిన డాక్టరమ్మ ముల్లు లేని కాలి వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ నల్లమచ్చలోంచి చిన్న ముక్క కోసి పరీక్షకు పంపించింది. మెలనోమా అని వచ్చింది. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే కేన్సరట. ఆ మచ్చనూ చుట్టూ కొంత చర్మాన్నీ తీసేసి, తొడ మీది చర్మం తెచ్చి అక్కడ అతికారు.

"తొందరగా దొరికింది. మచ్చ పైపైనే ఉంది, లోపలికి దిగలేదు" అంది డాక్టరమ్మ. "ఇలా మొదట్లోనే తీసేసిన వాళ్ళలో చాలా ఎక్కువమంది ఐదేళ్ళ తర్వాత కూడా బాగానే ఉంటున్నారు."

మా ఆయన చెవికి ఐదేళ్ళన్న ముక్క ఒక్కటే ఎక్కింది. బస్సులో ముఖం కిటికీ వైపు తిప్పుకుని ఏడుస్తూనే ఉన్నాడు. పొద్దుగూకేసరికి పాలెమంతా తెలిసిపోయింది: ఐదేళ్ళేనంట. చూడడానికి వచ్చినవాళ్ళు పండ్లు తెచ్చి, గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. ఆమె ఉండగానే మనవడి చెవులు కుట్టించేయమని ఒకామె సలహా ఇచ్చింది.

"ఎందుకు, నేను చచ్చినాక వాడికి చెవులుండవా?" అంది మా అత్త.

అయినా లోపల గుచ్చుకునే ఉన్నట్టుంది. తర్వాత కట్టు మార్పించుకోవడానికి వెళ్ళినప్పుడు కుర్చీలో కూర్చోకముందే అడిగింది: "ఏమ్మా, ఐదేళ్ళు దాటినాక నేనేమైపోతాను?"

డాక్టరమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "అది మీకు పెట్టిన గడువు కాదమ్మా. ఈ జబ్బు వచ్చిన చాలామందిని కొన్నేళ్ళ పాటు చూస్తారు. ఐదేళ్ళకు ఎంతమంది ఉన్నారు, పదేళ్ళకు ఎంతమంది ఉన్నారు అని లెక్క కడతారు. ఐదో ఏడుతో ఆగేది ఆ లెక్క. మనుషులు కాదు."

మా అత్త అప్పుడు కూర్చుంది. "పొద్దుగూకేదాకా ఒడ్డున కూచోని వచ్చిన పడవలు లెక్కేసుకోని ఇంటికి పోతాం. మనం లేచొచ్చినామని మిగతా పడవలు మునిగిపోతాయా ఏంది?"

"అదే నేను చెప్పేది. ఇంకోటి కూడా వినండి. ఆ లెక్క అందరినీ కలిపి చూసింది. మీరొక్కరు ఏ వైపు ఉంటారో అందులో ఉండదు, నేనూ చెప్పలేను. ఏళ్ళు గడిచే కొద్దీ భయం తగ్గుతుంది. పూర్తిగా పోదు. అందుకే చూపించుకోవడం మానకండి."

"మరి నన్ను పామో పురుగో కరిచి పోతే? అది కూడా దీని ఖాతాలోనే రాసేస్తారా?"

డాక్టరమ్మ నవ్వింది. "కొన్ని లెక్కల్లో ఎలా పోయినా పోయినట్టే. కొన్నింట్లో ఈ జబ్బుతో పోయినవాళ్ళను వేరుగా చూస్తారు."

"నన్ను వేరుగానే చూడండమ్మా. చెయ్యని పనికి దానికి పేరు రాకూడదు."

అతికిన చర్మం పలచన, ఇసుకకు చిట్లుతుంది. అందుకని దిబ్బ మీదికి చెప్పులతో వచ్చిన మొదటి మనిషి మా అత్తే. ఆడవాళ్ళు గొణిగారు. ఆమె రబ్బరు చెప్పుల జత ఒకటి విడిగా కొని, రోజూ వాళ్ళ కళ్ళముందే కడిగి తొడుక్కునేది. "ఇవి మీ మొకాలకన్నా శుభ్రంగా ఉండాయి" అనేది. చెప్పిన తేదీకి చూపించుకోవడం ఒక్కసారి కూడా తప్పలేదు. ఐదో ఏడు దాటిన రోజున పాయసం వండి, పండ్లు తెచ్చిన ఇళ్ళన్నిటికీ తానే పట్టుకెళ్ళి పంచింది. ఆ తర్వాత ఇంకా నాలుగేళ్ళు చేపలమ్మింది, నన్ను వేళాకోళం చేసింది, బతికింది.

అత్తకు కర్మ చేసిన పెద్దదినం నాడు చుట్టాలందరూ చేరారు. మా మామ అన్న, నేను పెద్దమామ అంటాను, ఆకు ముందు కూర్చుని అన్నాడు: "ఏం చేసినా ఆ జబ్బు వదల్దబ్బా. ఎన్నేళ్ళు దాక్కున్నా వచ్చి తీసకపోయింది."

నేను వడ్డిస్తున్నాను. గోడవారగా మా అత్త చెల్లెలి కూతురు కూర్చుని ఉంది. నాకు వదిన. ఆమె అరికాలిలో, చిటికెన వేలి కింద, కొత్తగా ఒక నల్లమచ్చ వచ్చింది. అత్త బతికుండగా రోజూ వెంటపడింది, ఆస్పత్రికి పదమని. పెద్దమామ మాట విని వదిన ఆ కాలును చీర కిందికి లాక్కుంది. "పెద్దమ్మే పోయింది. ఇంక నాకెందుకు మే ఆ కోతలు?" అని మెల్లగా నాతో అంది.

చేతిలోని సాంబారు గిన్నె కింద పెట్టాను.

"పెద్దమామా, అది అబద్ధం."

తింటున్నవాళ్ళు తలలెత్తారు. మా ఆయన నన్ను కొత్తగా చూశాడు.

"అత్త గుండె ఆగి పోయింది. పోయే ముందు నెలలోనే కాలు చూపించుకోని వచ్చింది, ఏమీ లేదన్నారు. ఆ జబ్బు మీద ఆమె గెలిచింది మామా. గెలిచినామెను తీసకపోయి ఓడిపోయినోళ్ళల్లో కూచోబెట్టబాకండి."

"ఏందబ్బా, ఈ పిల్లకు నోరు కూడా ఉందా?"

"ఉంది మామా. మీ మాట విని వదిన ఆస్పత్రి మానుకుంటా ఉంది. ఆమెకేమన్నా అయితే దానికి మీరు జవాబు చెప్తారా?"

పెద్దమామ తలొంచి అన్నం కలుపుకోసాగాడు. నేను వదిన దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. "అది మామూలు మచ్చే కావచ్చు, వదినా. కాకపోవచ్చు కూడా. నాకు తెలీదు. తొందరగా ఆస్పత్రికి పోయినోళ్ళలో ఎక్కువమంది బాగై తిరిగొచ్చినారని మాత్రం తెలుసు. అత్త కాలు నేను చూసినాను కదా."

"నువ్వు వస్తావా?"

"వస్తా."

నెల్లూరులో వదిన మచ్చను చూసి చిన్న ముక్క తీశారు. ఫలితం వచ్చే వారం చెబుతామన్నారు. వదిన దారంతా నా చెయ్యి వదల్లేదు. పాలెంలో ఆటో దిగాక మాత్రం నా చెయ్యి వదిలేసి, కట్టు అందరికీ కనపడేలా చీర పైకెత్తి పట్టుకుని, దిబ్బ పక్కనుంచే నడిచింది.

చేపలు తిరగేస్తున్న ముసలావిడ అడిగింది: "ఏమైందమ్మే కాలికి?"

"మచ్చ ఉంటే పరీక్షకిచ్చినా. నువ్వేంది, నీ కాలు ఎప్పుడన్నా చూసుకున్నావా అవ్వా? ఏదీ, చూపీ."

"నా కాల్లో ఏముంటది, తారు తప్ప" అంటూనే ఆమె ఇసుకలో కూలబడి పాదం పైకెత్తింది. వదిన వంగి, చీర చెంగుతో ఆ అరికాలి ఇసుక తుడిచి, ఎండకు తిప్పి చూసింది. పక్కనున్నామె నవ్వుతూ కూర్చుంది. ఆమె పక్కన ఇంకొకామె. కాసేపటికి, ఎండుతున్న చేపల వరసల పక్కన, సముద్రం వైపు కాళ్ళు చాపుకుని మా పాలెం ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. తారు మరకలతో, పగుళ్ళతో ఉన్న ఆ పాదాలను ఒకరివి ఒకరు ఒళ్ళో పెట్టుకుని, ఇసుక దులుపుతూ, వేళ్ళ సందుల్లోకి కూడా చూస్తున్నారు.