కింద ఇంకా నాలుగు వరసలు

చదువుకున్నవాళ్ల మీద నాకు పెద్ద గౌరవం లేదు. నేనూ చదువుకున్నవాణ్ణే కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నాను. మారికుప్పంలో పొద్దుటి రైలెక్కి చూడండి. పేపర్లో పైన పెద్దక్షరాలు మాత్రం చదివి, బంగారుపేట వచ్చేలోగా దేశాన్ని చక్కబెట్టేసేవాళ్లే పెట్టె నిండా. వాక్యం మొదలు చూస్తే చాలు, చివర తామే తయారు చేసుకుంటారు. 'పరిశీలిస్తాము' అని సర్కారు రాస్తే ఆశ ఉన్నవాడికి పని అయిపోయినట్టు, పిరికివాడికి పని చెడినట్టు కనిపిస్తుంది. కాగితం మాత్రం ఒకటే.

అక్కడి బంగారు గనులు సర్కారు చేతికి వచ్చిన కొన్నేళ్లకు నేను రాబర్ట్‌సన్‌పేటలో బడిపంతులుగా చేరాను. ఇంగ్లీషు ఉత్తరాలు చదివి చెప్పడంలో నాకు మంచి పేరుండేది. ఒక శనివారం, గని కూలీల లైన్ ఇళ్లలో ఉండే ఒకామె కవరు పట్టుకుని ఇంటికి వచ్చింది. గనిలో పనిచేసిన భర్త జబ్బుతో పోయాడు. ఆ పని తన తమ్ముడికి ఇప్పించమని అర్జీ పెట్టుకుంది. ఇంట్లో ఎవరికీ గనిలో పని లేకపోతే గనివాళ్లిచ్చిన ఇల్లు ఖాళీ చేయాలి. ఇద్దరు ఆడపిల్లలతో ఎక్కడికి పోవాలో ఆమెకు తెలియదు.

ఉత్తరం మొదట్లోనే, చింతిస్తున్నామనే ఇంగ్లీషు మాట కనిపించింది. ఆ మాట తర్వాత ఏముంటుందో నాకు తెలియదా? కాగితం మడిచేశాను.

"లేదన్నారక్కా. తమ్మునికి ఇచ్చేదానికి కాదంట."

ఆమె ఏడవలేదు. కాగితం విప్పి వేలు పెట్టి చూపించింది.

"మీ చూపు ఈడ నిలిచిపోయింది సార్. కింద ఇంగా నాలుగు వరసలు ఉండాయి."

"అవి మర్యాదకు రాసే మాటలక్కా."

"మర్యాదకు ఇన్ని వరసలు ఎవరు రాస్తారప్పా, మా మాదిరోళ్లకి?"

అక్షరమ్ముక్క రాని మనిషి నాకు చదవడం నేర్పుతోందని కోపం వచ్చింది. ఆ కోపంతోనే గట్టిగా చదివాను. తమ్ముడికి కుదరదు గానీ ఆమెకే ఇష్టమైతే గని ఆఫీసులు ఊడ్చే పని ఇస్తారట. సోమవారం పది గంటలకు ఈ కాగితంతో రావాలట. రాకపోతే ఇష్టం లేదని అనుకుంటారట. చివరికొచ్చేసరికి నా గొంతు తగ్గిపోయింది.

కాదన్న మాట నెత్తిన పెట్టి, ఇస్తామన్న మాట కాళ్ల దగ్గర పారేసిన ఆ ఆఫీసరును మనసులో తిట్టుకున్నాను. ఎదుటివాణ్ణి తిట్టడం సులువు. మన భాషలో మనిషి వచ్చాడో రాలేదో చివరిమాట దాకా తేలదని మాటలు నేర్చే పిల్లలకు కూడా తెలుసు. బీఏ చదివిన నేను మొదటి వరసకే తీర్పు చెప్పేశాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు ఊరికే అనలేదు. నిజంగా సిగ్గేసింది.

సోమవారం ఆమె వెళ్లింది. పని దొరికింది, ఇల్లు నిలిచింది. తర్వాత కూడా ఉత్తరాలు నా దగ్గరికే తెచ్చేది. ఎదురుగా కూర్చుని, చూపుడువేలు ఆఖరి వరస మీద పెట్టేది. నేను చదువుతూ అక్కడికి చేరేదాకా ఆ వేలు తీసేది కాదు.