గంధకం మీద కుంకుమ

మాస్టారు పోయారన్న సంగతి నాకు మన సంఘం వాట్సాప్ గుంపులో తెలిసింది. "ప్రముఖ గణిత పండితులు, ఖరగ్‌పూర్ తెలుగువారి గర్వకారణం, ఇక లేరు" అని అందులో ఉంది. ఆయన గణిత పండితులు కారు. రైల్వే బడిలో పదవీ విరమణ దాకా భౌతికశాస్త్రం చెప్పారు. ఆ తప్పు కింద చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరాయి. పెట్టినవాళ్ళలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఒక్కరూ దిద్దలేదు. నేను దిద్దాను. నా దిద్దుబాటు కింద కూడా ఎవరో చేతులు జోడించిన బొమ్మ పెట్టారు.

మన సంఘం పత్రిక ఈ సంచికకు రెండు పేజీలు రాయమని సంఘం కార్యదర్శిగారు నా దుకాణానికి వచ్చి అడిగారు. "నాలుగు మంచి మాటలు రాసీ దాదా, సాలు" అన్నారు. ఆ నాలుగు మాటలూ సంతాపసభలో మీరందరూ వాడేశారు. అందుచేత మిగిలినవి రాస్తున్నాను.

నాకు గోల్‌బజార్‌లో గడియారాలు బాగుచేసే దుకాణం ఉంది. చదువు పదో తరగతితో ఆగింది. ఆ తరువాత తెలుసుకున్నది కొంత పాత పుస్తకాల వల్ల, ఎక్కువ భాగం మాస్టారి వల్ల. చాలా ఏళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఆయన సైకిల్ దిగి, గొడుగు మడవకుండానే లోపలికి వచ్చారు.

"నీకాడ అన్నిటికన్నా సన్నటి పట్టకారు ఏది?"

"దేనికి మాస్టారూ?"

"ఊపిరి తగిల్తే సిరిగిపోయేదాన్ని పట్టుకోవాల."

జేబులోంచి ఒక కాగితం మడత తీసి విప్పారు. మిఠాయిల మీద అద్దే వెండి రేకు అది. దాన్ని సన్నని పట్టీలుగా కోసి, రెండింటిని ఒక ఇత్తడి కడ్డీ కొసన వేలాడదీయాలి. కడ్డీకి విద్యుత్తు అందితే ఆ రెండు రేకులూ ఒకదాన్నొకటి తోసుకుని విడిపోతాయి. ఎంత విడిపోయాయో భూతద్దంలోంచి చూస్తే ఎంత విద్యుత్తు వచ్చిందో లెక్కకట్టవచ్చు. విద్యుద్దర్శిని అంటే ఇంతే. ఆ రోజు దుకాణం ఫ్యాను కట్టేసి, ఇద్దరం చెమటలు కక్కుతూ రేకులు అంటించాం. గడియారం తప్ప మరేదీ నా చేతికి పనిగా తోచని కాలం అది. ఆ రోజుతో ఆ కాలం పోయింది.

ట్రాఫిక్ కాలనీ వైపు ఆయన్ని "ఎంత మాస్టారు" అనేవారు. వెక్కిరింతగానే అనేవారు, కాని ఆ పేరులో అబద్ధం లేదు. పక్కింటాయన ఒకరు పొద్దున్నే పలకరింపుగా, "రేత్రి సానా వర్సం పడింది గదా మాస్టారూ" అన్నారనుకోండి.

"సానా అంటే ఎంత?"

"సానా అంటే... సానాయే."

"అయితే పడిందని సెప్పు. సానా అని నువ్వు సెప్పలేవు."

ఆ పక్కింటాయన సంతాపసభలో కన్నీళ్ళు పెట్టుకుని మాస్టారి "అపారమైన" విజ్ఞానం గురించి మాట్లాడారు. ఎంత అని అడిగేవారు లేరు గనుక ధైర్యంగా మాట్లాడారు.

బడి వార్షికోత్సవాలలో శాస్త్రవేత్తల మీద ఉపన్యాసాలు మొదలుకాగానే మాస్టారు లేచి బయటికి వచ్చేసేవారు. ఒకసారి నేనూ వెంట వచ్చాను. గేటు దగ్గర నిలబడి, "వీధి దీపం కింద సదువుకున్నాడని సెప్తారు. ఒకే సొక్కా ఉండేదని సెప్తారు. ఏటి కొలిసినాడో ఒక్కడూ సెప్పడు. ఆకలి గొప్పదా, కొలత గొప్పదా?" అన్నారు. లోపల చప్పట్లు మోగుతున్నాయి.

ఆయన జీవితంలో మిగిలిన తీరికంతా ఒకే శాస్త్రవేత్త మీద ఖర్చయింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కలకత్తాలో ఒక కళాశాల ప్రయోగశాలలో పనిచేసిన మనిషి. ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే వచ్చే ఏడాదికి ఆయన పటం కూడా వేదిక ఎక్కుతుంది.

ఆ శాస్త్రవేత్త ఉద్యోగం తెల్ల ప్రొఫెసర్ల పాఠాలకు పరికరాలు సర్ది, తరువాత తుడిచి లోపల పెట్టడంతో మొదలైంది. విదేశాల నుంచి వచ్చిన మంచి పరికరాలకు తాళం ఉండేది. తుడవడానికి తీసేవారు, వాడుకోవడానికి తీసేవారు కాదు. అందుచేత రేకుడబ్బాలతో, గాజుసీసాలతో ఆయన తన పరికరం తానే కట్టుకున్నాడు. ఆయన ప్రశ్న చిన్నది: ఒక్క వానచినుకు నేలకు ఎంత విద్యుత్తు మోసుకొస్తుంది? కళాశాల డాబా మీద ఒక లోహపు పళ్ళెం పెట్టి, దాన్ని తీగతో విద్యుద్దర్శినికి కలిపి, ఒక వానాకాలమంతా కొలిచాడు. అంకె పెద్దది వచ్చింది. పత్రిక వేసింది, దొరలు మెచ్చుకున్నారు, జీతం పెరిగింది. అక్కడితో ఆగిపోతే ఆయన కూడా మన వేదికల మీది శాస్త్రవేత్తే అయ్యేవాడు.

ఆగలేదు. చినుకు పళ్ళెం మీద పడి చిట్లినప్పుడు ఆ చిట్లడం వల్లనే కొంత విద్యుత్తు పుడుతుందని ఆయనకు తోచింది. అంటే తాను కొలిచింది వానను మాత్రమే కాదు, తన పళ్ళెం చేసిన అల్లరిని కూడా. పళ్ళెంలో సన్నతీగల గుబురు పరిచి, చినుకు చిట్లకుండా లోపలికి జారేలా చేసి, మరి మూడు వానాకాలాలు కొలిచాడు. అంకె చిన్నదయింది. తన మొదటి అంకె తప్పని తానే రాసి పంపాడు.

ఆ రెండో వ్యాసాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆయనకు పెద్ద పదవి ఇచ్చి ప్రయోగశాల తాళంచెవి తీసుకున్నారు. మిగిలిన ఉద్యోగమంతా సంతకాలతో గడిచింది. ఇప్పటికీ ఆయన్ని తలచుకునే కొద్దిమంది మొదటి అంకెనే చెబుతారు. మాస్టారికి దీని మీద కోపం కన్నా వెగటు ఎక్కువ. "పెద్ద అంకె ఎవుడికైనా నచ్చుతాది. తప్పని సెప్పినోడి మాట మాత్రం ఎవుడికీ వినబడదు" అనేవారు.

ఆ రెండో అంకె నిజమా కాదా అని తేల్చడం మాస్టారు పెట్టుకున్న పని. ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీలో తానుండే ఇంటి డాబా మీద అదే పళ్ళెం, అదే తీగల గుబురు, కింద వరండాలో అదే రకం విద్యుద్దర్శిని. ఇక్కడ ఒక చిక్కు ఉంది, దయచేసి ఓపిక పట్టండి, మొత్తం కథ దీని మీదే నిలబడింది. పరికరంలోకి వచ్చిన విద్యుత్తు ఎక్కడైనా జారిపోతే అంకె దానంతటదే చిన్నదవుతుంది. అప్పుడు, "నీ చిన్న అంకెకు కారణం వాన కాదు, నీ పరికరం కారడం" అని ఎవరైనా అనగలరు. కారకుండా ఆపేది ఒక్కటే: ఇత్తడి కడ్డీని పట్టుకుని నిలబెట్టే గంధకపు బిళ్ళ. శుభ్రమైన గంధకం విద్యుత్తును దాటనివ్వదు. కాని దాన్ని చేత్తో ముట్టుకుంటే చెమట, నూనె అంటి, అదే విద్యుత్తుకు దారి అవుతుంది. మాస్టారు ఇంటికి వచ్చినవాళ్ళతో కుశలప్రశ్నల కన్నా ముందు చెప్పే మాట, "ఆ పసుపుపచ్చ దాన్ని ముట్టుకోకండి."

విశ్వకర్మ పూజనాడు కూడా అంతే. ఆ రోజు రైల్వే వర్క్‌షాపులో పెద్ద యంత్రాల దగ్గర్నుంచి ఇంటి ముందు సైకిల్ దాకా ప్రతి పనిముట్టుకూ బొట్టు, దండ. నా పట్టకార్లకూ నేను పెడతాను, అందులో నాకు చిన్నతనం లేదు. మాస్టారి భార్య, మేమందరం అమ్మగారు అని పిలిచే ఆవిడ, ఏటా కుంకుమ భరిణెతో వరండాలోకి వచ్చేవారు.

"బొట్టు బల్లకి పెట్టు" అనేవారు మాస్టారు.

"బల్లకేటండీ, బల్ల ఏటి కొలిసింది?"

"మోసింది గదా. విశ్వకర్మకి తెలుసులే."

ఆవిడ నవ్వుకుంటూ బల్లకే పెట్టేవారు.

పరికరం కారకుండా కుదిరేసరికే ఏళ్ళు పట్టింది. ఆ తరువాత రెండు వానాకాలాలు కొలత సాగింది. అంకె ఆ శాస్త్రవేత్త చెప్పిన చిన్న అంకెకు దగ్గరగానే వస్తోంది. అప్పుడే రాసి పంపవచ్చు కదా అని నేను అడిగాను. "ఆయన మూడు సేసినాడు. రెండుతో నాను నోరిప్పితే నాకూ ఆ మైకులోళ్ళకీ తేడా ఏటి?" అన్నారు. మూడో వానాకాలం భాద్రపదం దాకా వచ్చింది. ఆయన కంట్లో పొరలు కమ్మడం వల్ల ఆ ఏడాది భూతద్దంలోంచి చూసేది అమ్మగారే. ఆసుపత్రికి తీసుకువెళ్ళిన రోజు ఆయన మా ఇద్దరికీ చెప్పింది ఒక్కటే. "వర్సాలు అయిపోయేదాకా దాన్ని కదపకండి." నాలుగో రోజు పోయారు.

సంతాపసభ విశ్వకర్మ పూజనాడు పెట్టారు. అందరికీ సెలవు గనుక. పొద్దున నేను దుకాణంలో పూజ చేసుకుని వెళ్ళేసరికి విద్యుద్దర్శిని వేదిక మీద ఉంది. కార్యదర్శిగారు ఇద్దరు మనుషులతో వెళ్ళి, "మాస్టారి గౌరవం కోసం" అని అమ్మగారిని అడిగి తెచ్చారట. వచ్చినవాళ్ళతో ఆ సమయంలో ఆవిడ కాదని అనలేకపోయారు. పసుపుపచ్చది ముట్టుకోవద్దని మాత్రం చెప్పారట. ముట్టుకోలేదు, నిజమే. పూజ చేశారు. పైనుంచి కిందకి బంతిపూల దండ, ఇత్తడికి గంధం, గంధకానికి చక్కగా మధ్యలో నూనెతో కలిపిన కుంకుమ. పసుపు మీద ఎరుపు బాగా కనబడుతుందని అక్కడే పెట్టారు.

వెనక బ్యానరు మీద ఆ కలకత్తా శాస్త్రవేత్త మొదటి అంకె పెద్ద అక్షరాలతో ఉంది. ఆయన తప్పని ఒప్పుకున్న అంకె. దాని కింద "మాస్టారు ఈ మహత్తర సత్యాన్ని నిరూపించారు" అని ఉంది.

మాట్లాడినవాళ్ళు మూడు రకాలు. మాస్టారి పేరు చెప్పి తమ గురించి మాట్లాడినవాళ్ళు. శాస్త్రం పేరు చెప్పి దేశం గురించి మాట్లాడినవాళ్ళు. ఏ పేరూ చెప్పకుండా సమయం గురించి మాట్లాడి చాలా సమయం తీసుకున్నవాళ్ళు. చివర కార్యదర్శిగారు నన్ను పిలిచారు.

"దాదా, ఒక్కసారి ఆ రేకులు ఇప్పి సూపించీ. జనం సూస్తారు."

"పని చెయ్యదండి. కుంకుమ పెట్టారు."

"కుంకం పెడితే సెడిపోద్దేటి? సుభం గదా."

వాదించడం దండగని ఎబొనైట్ అనే గట్టి నల్లరబ్బరు కడ్డీని ఉన్నిగుడ్డతో రుద్ది తాకించాను. రేకులు విడిపోయాయి. విడిపోయినవి మామూలుగా చాలాసేపు అలాగే నిలబడాలి. ఊపిరి తీసి వదిలేలోపల ముడుచుకుని వేలాడిపోయాయి.

హాలంతా చప్పట్లు కొట్టింది. అదే ప్రయోగమనుకున్నారు. వెనక వరుసలో ఎవరో, "మాస్టారికి నమస్కారం పెట్టినాయి" అన్నారు. ఆ మాట మీలో చాలామందికి నచ్చిందని నాకు తెలుసు. గుంపులో వీడియోతో పాటు తిరిగింది.

కార్యదర్శిగారు మైకు తీసుకుని, దీన్ని ఇక సంఘం హాల్లో అద్దాల బీరువాలో శాశ్వతంగా ఉంచుతామని ప్రకటించారు. మళ్ళీ చప్పట్లు. అప్పుడు ముందు వరసలోంచి అమ్మగారు లేచారు.

"బీరువాలో పెడతారా?"

"అవునమ్మా, బద్రంగా ఉంటాది. ఏటా ఇదే రోజు పూజ సేయిస్తాం."

"బీరువాలో వర్సం పడతాదా బాబూ?"

ఆవిడ పరికరం మీది దండ తీసి కార్యదర్శిగారి చేతిలోనే పెట్టారు. నా వైపు తిరిగి, "ఎత్తీ. ఇంకా వర్సాలున్నాయి" అన్నారు. నేను ఎత్తాను. దారి ఇచ్చారు, అందుకు మాత్రం కృతజ్ఞుణ్ణి.

ఇంటికి వచ్చాక నేను మచ్చను గీకి చూద్దామన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "గీకితే పోయిందని మనకెలా తెలుస్తాది?" అని సుత్తి ఇచ్చారు. పాత బిళ్ళను పగలగొట్టి తీసేశాం. వంటింటి పొయ్యి మీద ఇనప గరిటెలో కొత్త గంధకం కరిగించారు. మంట తగ్గిస్తూ, పెంచుతూ, లేత తేనె రంగు రాగానే దించారు. నల్లబడితే పనికిరాదు. ఆ వాసనకు పక్కింటివాళ్ళు కిటికీలు వేసుకున్నారు. చల్లారేదాకా ఇద్దరం వంటింట్లోనే నిలబడ్డాం, ఎవరమూ దేన్నీ ముట్టుకోలేదు.

రెండు రోజులకు సాయంత్రం వాన వచ్చింది. ఆవిడ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని భూతద్దం దగ్గర వంగారు. డాబా మీద తొలి చినుకులు పడుతుండగా రేకులు మెల్లగా విడిపోయి, విడిపోయిన చోటే నిలబడ్డాయి. నేను పెన్ను పట్టుకుని అంకె కోసం చూస్తున్నాను. సరిగ్గా అప్పుడే నిమ్‌పురా యార్డు వైపు నుంచి గూడ్సు బండి ఒకటి బయలుదేరింది. నేల సన్నగా అదిరింది, రేకులు వణికాయి. ఆవిడ కన్ను భూతద్దం మీదినుంచి తీయలేదు. ఎడమ చెయ్యి మాత్రం పైకెత్తి, ఆగమన్నట్టు, ఆ శబ్దం వైపు చాచి ఉంచారు. పెట్టె తరువాత పెట్టె పోతూనే ఉంది. వాన పడుతూనే ఉంది. చెయ్యి దించలేదు.