వాడపల్లి నీళ్లలో తమ్ముడు

నిజాం పాలన చివరి రోజులు. నాన్న అస్థికలు కలపడానికి మిర్యాలగూడ నుంచి ఎడ్లబండిలో తెల్లవారేసరికి వాడపల్లి చేరాం. మూసీ కృష్ణలో కలిసేచోట నీళ్లూ ఆకాశమూ ఒకటే పొగమంచు.

గొడవలకు భయపడి పంతులు రాలేదు. రోజూ గంటసేపు పూజ చేసే నాకు పిండం ఎటు తిరిగి పెట్టాలో కూడా తెలియదు. బంధువుల ముందు సిగ్గుపడుతూ పిండం పట్టుకుని ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరిగాను.

దేవుడే లేడని వాదించే తమ్ముడు మోకాళ్లలోతు నీళ్లలోకి దిగాడు. "దక్షిణం దిక్కు తిరుగన్నా. జంధ్యం కుడి భుజం మీదికి మార్చుకో." మంత్రాలన్నీ తనే చెప్పాడు.

"నీకివన్నీ ఎట్ల తెలుసురా?"

"కాదనాలంటే సదువాలె గద."

"మరి నమ్మకుంటనే ఎందుకు చేయిస్తున్నవ్?"

మంచులోకి తేలిపోతున్న బూడిదను చూస్తూ, "నాయిన నమ్మిండు గదన్నా" అన్నాడు.

ఇప్పటికీ పూజలో కళ్లు మూసుకుంటే నాకు దేవుడు కనిపించడు. ఆ నీళ్లలో నిలబడ్డ తమ్ముడే కనిపిస్తాడు.